తాళం వేయని తలుపుల వెనక: ఇంగ్లండ్ పల్లె జ్ఞాపకాలను ఎలా చదవాలి

ఇంగ్లండ్ పల్లెల్లో 1920ల నుంచి 1950ల దాకా పెరిగినవాళ్లు తమ చిన్నతనం గురించి చెబుతుంటే కొన్ని మాటలు దాదాపు అందరి నోటా వస్తాయి. అప్పట్లో తలుపులకు తాళాలు వేసేవాళ్లం కాదు. ఊళ్లో అందరికీ అందరూ తెలుసు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే పక్కింటివాళ్లు వండి తెచ్చిపెట్టేవాళ్లు. కోతలయ్యాక చేసే పండగకి చర్చి కిటికీల గట్ల మీద యాపిల్స్, కూరగాయలు, గోధుమ కంకులు పేర్చేవాళ్లం. తర్వాత కార్లొచ్చాయి, టీవీ వచ్చింది, బయటి జనం వచ్చారు, ఊరు ఊరులా లేకుండా పోయింది.

ఇవి కట్టుకథలు కావు. వేరువేరు కౌంటీల్లో (మన జిల్లాల లాంటివి), ఒకరి మొహం ఒకరు చూడని ఇంతమంది ఒకేలా చెబుతున్నారంటే అందులో నిజం ఉంది. అయితే అదే మనుషులు కాసేపటికి ఇంకో రకం సంగతులు చెబుతారు. చలికాలంలో గడ్డకట్టిన పంపు, పెరటి చివర బకెట్ పెట్టిన మరుగుదొడ్డి, శనివారం రాత్రి ఒకే తొట్టి నీళ్లలో ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసిన పిల్లలు, పని పోతే ఇల్లు కూడా పోతుందనే భయం. వినేవాళ్లు వీటిని రెండు ఖాతాల్లో రాసుకుంటారు. ఆప్యాయతలు ఒకవైపు, కష్టాలు ఇంకోవైపు. మనుషులు అంత మంచివాళ్లు కాబట్టే అన్ని కష్టాలూ ఓర్చుకున్నారని తేల్చేస్తారు.

ఇలా విడదీయడం దగ్గరే లెక్క తప్పుతోంది. నీళ్లు, మాంసం, కాన్పు, చావు, కూలి డబ్బు, వీటిలో ఏ ఒక్కటీ ఆ రోజుల్లో ఒక ఇల్లు ఒంటరిగా నెట్టుకురాగలిగేది కాదు. ఇరుగుపొరుగు బంధం ఆ అవసరాల మీదే నిలబడింది. అది ఎంత గట్టిగా ఉండేదో తెలియాలంటే ముందు పంపు దగ్గరికి వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి కూడా ఇంగ్లండ్‌లో ఎన్నో పల్లెలకు కుళాయి నీళ్లు లేవు. ఊరి మధ్య ఒక చేతిపంపు, లేదా నాలుగైదు ఇళ్లకు కలిపి ఒక బావి, కొన్నిచోట్ల రోడ్డు పక్కన ఊట. రెండు గ్యాలన్ల బకెట్‌లో పట్టేది సుమారు 9 లీటర్లు. అంటే బకెట్ బరువు కలపకుండానే 9 కిలోలు. భుజాల మీద కావడి వేసుకుని రెండు బకెట్లు ఒకేసారి తెచ్చేవాళ్లు. తాగడానికి, వంటకి, పాత్రలకి, పందికి, మొక్కలకి అన్నింటికీ ఇలా మోసిన నీళ్లే. కప్పు మీద పడే వాన నీళ్లను పీపాల్లో పట్టుకుని బట్టలకీ తలస్నానానికీ దాచుకునేవాళ్లు. ఆ నీటికి సబ్బు బాగా నురగ వస్తుంది. మోసేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. మగవాళ్లు తెల్లవారకముందే పొలానికి వెళ్లేవాళ్లు కాబట్టి ఈ బరువు మగవాళ్ల జ్ఞాపకాల్లో అంతగా కనిపించదు. ఒకే ఊరి గురించి అన్నాచెల్లెళ్లు చెప్పినా ఆ ఇద్దరి ఊరు ఒకటి కాదు.

సోమవారం బట్టల రోజు. ఇది దేశమంతటా ఉన్న ఆనవాయితీ. ఆదివారం వండిన మాంసంలో మిగిలింది సోమవారం చల్లగానే తినేవాళ్లు, ఎందుకంటే ఆ రోజు వంటకి తీరిక ఉండదు. వెనక గదిలో ఇటుకల కట్టడంలో బిగించిన పెద్ద కాగు ఉండేది. దాన్ని బకెట్లతో నింపాలి, కింద మంట పెట్టాలి, సబ్బు తురిమి వెయ్యాలి, బట్టలు ఉడకబెట్టాలి, తొట్టిలో వేసి కాళ్లున్న చెక్క కర్రతో తిప్పాలి, జాడించాలి. తెల్లబట్టలకు ఆఖరి నీళ్లలో నీలిమందు. హల్ నగరంలోని రెకిట్ కంపెనీ చేసిన నీలిమందు మూటలు అక్కడ ఇంటింటా ఉండేవి. మన ఇళ్లలో తెల్ల చొక్కాలకు, పంచెలకు పెట్టిన రాబిన్ బ్లూ కూడా అదే కంపెనీ కుటుంబానిది. తర్వాత రెండు చెక్క రోలర్ల మధ్య బట్ట పెట్టి చేత్తో తిప్పి పిండాలి. వాన పడితే తడిబట్టలన్నీ వంటింట్లోనే తాళ్ల మీద వేలాడేవి, ఇల్లంతా ఆవిరి. మంగళవారం పొయ్యి మీద ఇనప పెట్టెలు కాచి ఇస్త్రీ.

ఈ శ్రమకీ తాళం వేయని తలుపుకీ నేరుగా సంబంధం ఉంది. పంపు దగ్గరకు రోజుకి నాలుగైదుసార్లు వెళ్లాల్సిన ఊళ్లో ఎవరు రాలేదో వెంటనే తెలిసిపోతుంది. ఒక ముసలామె పొద్దున పంపు దగ్గర కనిపించకపోతే మధ్యాహ్నంలోగా ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టేవాళ్లు. మన ఊళ్లలో బావిగట్టు చేసిన పనే అక్కడ పంపు చేసింది: వార్త చేరవేయడం, పెళ్లీడుకొచ్చిన పిల్లల్ని గమనించడం, అప్పులు అడగడం, ఒకరి పరువు తీయడం. చివరిది కూడా చెప్పాలి. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో పెళ్లి కాకుండా గర్భం దాల్చిన అమ్మాయి సంగతి కూడా అందరికీ తెలుసు. ఆప్యాయంగా చూసిన కళ్లే నిఘా కూడా పెట్టాయి. ఊరు వదిలి పట్నంలో ఇంటిపనికి వెళ్లిన ఆడపిల్లల్లో కొందరికి దూరంగా ఉండటమే మొదటి హాయి.

పంది సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. కూలీ కుటుంబాలు పెరట్లో ఒక పందిని పెంచేవి. వంటింటి మిగులు, చిన్న బంగాళదుంపలు, పిల్లలు కోసుకొచ్చిన ఆకు, ఇవే దాని మేత. చలికాలం మొదలయ్యాక కోసేవాళ్లు. పెద్ద ముక్కల్ని ఉప్పు పట్టించి గోడకి వేలాడదీస్తే నెలల తరబడి నిలవ ఉంటుంది. లోపలి భాగాలు, చిన్న ముక్కలు మాత్రం నిలవ ఉండవు. ఫ్రిజ్ లేని ఊళ్లో తాజా మాంసాన్ని దాచుకోవడానికి ఒకటే దారి, పక్కింటి కడుపు. ఈ వారం మా ఇంట్లో పంది, మీకు కాలేయం, పక్కటెముక. రెండు వారాల తర్వాత మీ ఇంట్లో పంది, మాకు అదే వాటా. ఇంటింటికీ గిన్నెలు తిప్పిన పిల్లలకు గుర్తున్నది పంచుకునే మనసు. ఆ మనసు నిజమే. కానీ ఎవరికి ఎంత వెళ్లిందో, ఎంత తిరిగి వచ్చిందో పెద్దవాళ్లకు బాగా గుర్తుండేది.

కాన్పులూ చావులూ అంతే. 1911 నాటి నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం కింద డాక్టర్ వైద్యం దక్కింది పని చేసే కూలీకి. ఇంట్లో ఉన్న భార్యకీ పిల్లలకీ కాదు. డాక్టర్ ఫీజు భయంతో ఆడవాళ్లు రోగాన్ని మోస్తూ తిరిగారు. ఊళ్లో అనుభవమున్న ఒక పెద్దామె ఉండేది. బిడ్డ పుట్టినప్పుడు ఆమె, మనిషి పోయినప్పుడు శవానికి స్నానం చేయించి బట్టలు మార్చడానికీ ఆమే. 1948 జులై 5న నేషనల్ హెల్త్ సర్వీస్, అంటే అందరికీ ప్రభుత్వమే ఇచ్చే వైద్యం, మొదలయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి పర్సు చూసుకోనక్కర లేకపోయింది. ఆ పెద్దామెతో అవసరం క్రమంగా తగ్గిపోయింది. ఆ మార్పును పల్లె పతనం అని ఎవరైనా రాస్తే, పొత్తిళ్లలో బిడ్డను పోగొట్టుకున్న తల్లుల తరఫున అభ్యంతరం చెప్పాల్సి వస్తుంది.

ఇక ఇల్లు. జ్ఞాపకాల్లో గోడలకి పాకిన గులాబీలు, గడ్డి కప్పు, మందంగా ఉన్న రాతి గోడ. కానీ ఈ చిన్న పల్లె ఇళ్లు, కాటేజీలు, చాలావరకు రైతువో భూస్వామివో. పొలం కూలీకి ఇల్లు పనితోపాటు వచ్చేది, పనితోపాటు పోయేది. రైతుకు ఎదురు మాట్లాడితే కూలి ఒక్కటే పోదు, పెళ్లాం పిల్లలతో రోడ్డున పడాలి. చాలాచోట్ల సెప్టెంబర్ 29న, మైకెల్మస్ రోజున, సామాన్లు బండికెత్తుకుని కొత్త యజమాని దగ్గరికి మారే కుటుంబాలు కనిపించేవి. ఈ అభద్రతకు చట్టం గట్టి అడ్డుకట్ట వేసింది 1976లో. అంటే అంతరిక్షంలోకి మనుషులు వెళ్లొచ్చిన తర్వాత కూడా ఇంగ్లండ్‌లో ఒక ట్రాక్టర్ డ్రైవర్ తన ఇంటి కప్పు గురించి యజమాని దయ మీద ఆధారపడి బతికాడు. పోగొట్టుకోవడానికి సామాన్లే అంతంతమాత్రం, పోతే ఇల్లే పోతుంది. తలుపుకి తాళం ఎందుకు లేదో ఇక్కడ ఇంకో కారణం దొరుకుతుంది.

కూలి సంగతికి తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీ ఒక్కటి చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో ధాన్యం ధరలకు ఇచ్చిన హామీని ప్రభుత్వం 1921లో ఎత్తేసింది. ధరలు పడ్డాయి, వాటితోపాటు కూలి పడింది. 1923 వసంతంలో నార్ఫోక్ కూలీలు సమ్మె చేశారు. అది 50 గంటల వారానికి 25 షిల్లింగుల దగ్గర ఆగింది. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. ఆ డబ్బుతో కుటుంబం తిండి, బొగ్గు, అద్దె చూసుకోవాలి. బూట్లు వారం కూలితో వచ్చేవి కావు. కోతల కాలంలో దొరికే అదనపు డబ్బుతో ఏడాదికోసారి ఇంటిల్లిపాదికీ కొనేవాళ్లు. చలికాలం చివరికి అవి చిరిగితే వాన రోజున పిల్ల బడికి వెళ్లదు.

వాన రోజు బడి గురించి నార్ఫోక్‌లోనే బర్‌స్టన్ అనే ఊళ్లో పెద్ద గొడవ జరిగింది. అక్కడి టీచర్ల జంట టామ్, యానీ హిగ్డన్. దూరం నుంచి నడిచి తడిసి వచ్చిన పిల్లల బట్టలు ఆరడానికి యానీ బళ్లో మంట వేయించారు. యాజమాన్య కమిటీ అనుమతి లేకుండా వేయించారని ఆమె మీద ఫిర్యాదు. ఆ కమిటీని నడిపింది ఊరి రెక్టర్, అంటే చర్చి పెద్ద. టామ్ కూలీలను సంఘంలోకి చేర్పించేవాడు. 1913లో ఊరి పరిషత్ ఎన్నికల్లో కూలీలు గెలిచారు, రెక్టర్ ఓడిపోయాడు. తర్వాత వేరే ఆరోపణలు మోపి హిగ్డన్‌లను తీసేశారు. 1914 ఏప్రిల్ 1న పిల్లలే బడి మానేసి ఊరేగింపు తీశారు. తల్లిదండ్రులు వాళ్ల వెనక నిలబడ్డారు. వేరే బడి మొదలైంది, కార్మిక సంఘాల చందాలతో 1917లో దానికి సొంత భవనం కూడా వచ్చింది. 1939 దాకా ఆ బడి నడిచింది. ఈ కథలో కూడా ఊరి ఐకమత్యం ఉంది, చర్చి నిండిన పండగలో కనిపించేదానికన్నా గట్టిగా ఉంది. అది భూమి, చర్చి, బడి ఒకే చేతిలో ఉండటానికి ఎదురు తిరిగిన ఐకమత్యం. గులాబీల కాటేజీ జ్ఞాపకాల పక్కన దీన్ని కూడా పెట్టకపోతే ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే.

మరి ఇలాంటివి ఎందుకు తక్కువగా వినిపిస్తాయి? ఒక కారణం చెప్పేవాళ్ల వయసు. ఇప్పుడు చెబుతున్నవాళ్లు అప్పుడు పిల్లలు. గిన్నె మోసుకెళ్లడం పిల్లలకు గుర్తుంటుంది, అద్దె కోసం అమ్మ నాణేలు లెక్కపెట్టుకోవడం వాళ్ల కంట పడలేదు. ఇంకో కారణం అడిగేవాళ్ల ప్రశ్న. ఆ రోజులు ఎలా ఉండేవి అని అడిగితే మనిషి మొత్తానికి బాగుండేవి అంటాడు. ఈ విషయంలో జార్జ్ ఎవర్ట్ ఎవాన్స్ చేసిన పని ఇప్పటికీ పాఠం లాంటిది. ఆయన వేల్స్‌లో బొగ్గుగనుల ప్రాంతం నుంచి వచ్చినవాడు. భార్యకు బడి ఉద్యోగం రావడంతో 1948లో సఫోక్ కౌంటీలోని బ్లాక్స్‌హాల్‌లో కాపురం పెట్టాడు. పక్కింట్లో పని మానేసిన ఒక గొర్రెల కాపరి దంపతులు. ఎవాన్స్ వాళ్లని అభిప్రాయాలు అడగలేదు, పని అడిగాడు. రొట్టె ఎలా కాల్చేవాళ్లు, గొర్రె ఈనేటప్పుడు ఏం చేసేవాళ్లు, ఏ పనిముట్టు పేరేంటి, కోతల కూలి ఎలా మాట్లాడుకునేవాళ్లు. పనుల గురించి అడిగితే జవాబులో శ్రమ, కూలి, యజమాని, ఆకలి అన్నీ వాటంతట అవే వస్తాయి. ఆ మాటల్లోంచి 1956లో పుస్తకం వచ్చింది. బ్రిటన్‌లో మౌఖిక చరిత్రకు దారి వేసినవాళ్లలో ఆయన పేరు ముందుంటుంది.

పని గురించి అడగాల్సిన అవసరానికి ఒక ఉదాహరణ దున్నకం. గుర్రాలతో దున్నిన రోజుల గురించి ముసలివాళ్లు ఎంతో ప్రేమగా చెబుతారు. 9 అంగుళాల చాలు తీసే ఒంటి నాగలితో ఒక ఎకరం దున్నాలంటే మనిషి దాదాపు 11 మైళ్లు నడవాలి. తడిసిన బంకమట్టిలో, బరువైన బూట్లతో. అంతకుముందే నాలుగైదింటికి లేచి గుర్రాలకు మేత వేయాలి. ఆ ప్రేమ నిజం, ఆ పనితనం మీద గర్వం కూడా నిజం. 1946 నుంచి 1956 వరకు కోవెంట్రీలో తయారైన చిన్న బూడిద రంగు ఫెర్గూసన్ ట్రాక్టర్లు ఐదు లక్షలకు పైనే. అవి వచ్చినప్పుడు గుర్రాలను వదులుకోలేక ఏడ్చినవాళ్లున్నారు. వాళ్ల కొడుకులు మాత్రం సంతోషంగా సీటెక్కారు. ఒక సీటు మీద ఒక మనిషి. పక్కన నడిచేవాడు, ముందు పగ్గం పట్టే కుర్రాడు, బండి బాగుచేసేవాడు, లాడాలు కొట్టే కమ్మరి అవసరం లేకుండా పోయారు. ఊళ్లు ఖాళీ కావడంలో ఈ ట్రాక్టర్ వాటా టీవీ వాటా కన్నా చాలా పెద్దది.

బయటివాళ్ల వల్లే ఊరు పోయిందనే మాటకు డార్సెట్ కౌంటీలోని టైన్‌హామ్‌ని రుజువుగా చూపిస్తుంటారు. 1943 డిసెంబర్‌లో, క్రిస్మస్‌కి ముందు, సైన్యం ట్యాంకుల శిక్షణ కోసం ఆ ఊరినీ చుట్టుపక్కల లోయనూ ఖాళీ చేయించింది. 200 మందికి పైగా కదిలారు. చర్చి తలుపు మీద ఒక కాగితం అంటించి వెళ్లారు. చర్చినీ ఇళ్లనూ జాగ్రత్తగా చూసుకోండి, తరతరాలుగా ఉన్న ఇళ్లు వదిలి వెళ్తున్నాం, ఒక రోజు తిరిగి వస్తాం అని దాని సారాంశం. తిరిగి రానివ్వలేదు. 1948లో ప్రభుత్వం ఆ భూమిని సైన్యానికే ఉంచాలని తేల్చింది. ఇచ్చిన మాట తప్పిన ఈ తీరు క్షమించరానిది. అద్దెకున్న కుటుంబాలకు పరిహారంగా దక్కింది పెరట్లో వేసుకున్న కూరగాయల విలువకు మించి పెద్దగా లేదు. కానీ ఆ ఊరి బడి 1932లోనే మూతపడింది, చదవడానికి పిల్లలు సరిపోక. సైన్యం రావడానికి 11 ఏళ్ల ముందే టైన్‌హామ్‌లో యువ కుటుంబాలు తగ్గిపోయాయి. కూలి లేదు, కరెంటు లేదు, ఇళ్లలో కుళాయి లేదు. ఇప్పుడు ఆ బడి గదిలో పిల్లల పేర్లతో డెస్కులు సర్ది ఉంచారు, సందర్శకులు వెళ్లి చూస్తారు. చూసినవాళ్లకు ఆ ఊరిని యుద్ధం చంపిందనే అనిపిస్తుంది. యుద్ధం దాన్ని ఆఖరి రోజున అలా ఆపేసింది, జబ్బు అంతకుముందే ఉంది.

యుద్ధం మిగతా పల్లెలకు చేసింది వేరు. 1939 సెప్టెంబర్ మొదటి రోజుల్లో నగరాల నుంచి దాదాపు 15 లక్షల మందిని, ఎక్కువగా పిల్లల్ని, తల్లుల్ని తరలించారు. నగరం పిల్లలు పల్లె మరుగుదొడ్డి చూసి భయపడ్డారు. పల్లెవాళ్లు ఆ పిల్లల తలలో పేలు చూసి భయపడ్డారు. 1940 జూన్ నుంచి చర్చి గంటలు బంద్. శత్రువు దిగితేనే మోగాలని నియమం. 1942 నవంబర్‌లో ఈజిప్టులోని ఎల్ అలమైన్ దగ్గర బ్రిటిష్ సైన్యం గెలిచిన విజయానికి మోగినప్పుడు జనం ఇళ్లలోంచి బయటికొచ్చి విన్నారు.

అసలు మార్పు 1944 నుంచి 20 ఏళ్లలో వచ్చింది. ఆ ఏడాది గ్రామీణ నీటి సరఫరా చట్టం కింద పైపులకు, మురుగు కాలవలకు కోటిన్నర పౌండ్ల గ్రాంటు కేటాయించారు. 1948 ఏప్రిల్ 1న విద్యుత్ జాతీయమైంది, తీగలు పొలాల మీదుగా పల్లెలకు సాగాయి. అంతవరకు రేడియో వినాలంటే ఆసిడ్ నింపిన బ్యాటరీని వారానికోసారి మోసుకెళ్లి ఛార్జింగ్ పెట్టించుకు రావాలి. 1944 విద్యా చట్టం తర్వాత పదకొండేళ్లు దాటిన పిల్లలు బస్సెక్కి పట్నం బడికి వెళ్లారు. వాళ్లలో చాలామంది పనికి కూడా పట్నమే వెళ్లారు. 1963లో రైల్వే ఖర్చు తగ్గించడానికి వచ్చిన బీచింగ్ నివేదిక రెండు వేలకు పైగా రైల్వే స్టేషన్లు మూసేయాలంది. కారు లేని ముసలివాళ్లకు ఆ దెబ్బ గట్టిగా తగిలింది. ఇళ్లలోకి కుళాయి వచ్చాక పంపు దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. దాన్ని ఎవరూ పీకేయలేదు, చాలా ఊళ్లలో ఇప్పటికీ రంగులేసి పూలకుండీలు పెట్టారు. ఏ ఆడమనిషీ ఆ కావడి మళ్లీ కావాలని అడగలేదు.

పల్లె జ్ఞాపకం రాజకీయాల్లోకి కూడా వెళ్లింది. యుద్ధం తర్వాత కౌన్సిల్ ఇళ్ల (స్థానిక ప్రభుత్వాలు కట్టి అద్దెకిచ్చే ఇళ్లు) బాధ్యత చూసిన మంత్రి అనూరిన్ బెవాన్, డాక్టరూ కిరాణా వ్యాపారీ కసాయీ పొలం కూలీ ఒకే వీధిలో ఉండటం ఇంగ్లండ్, వేల్స్ పల్లెల అందమని, కొత్త ఇళ్ల కాలనీలు కూడా అలాగే ఉండాలని అన్నాడు. అదే వీధిలో ఉన్నా డాక్టర్ ఇల్లు డాక్టర్‌ది, కూలీ ఇల్లు రైతుది. బెవాన్ ఆశలోని మంచిని ఒప్పుకుంటూనే ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. ఆయన కాలంలో కట్టిన ఇళ్లు మాత్రం పల్లె కూలీలకు నిజంగా మేలు చేశాయి. ఊరి చివర వరసగా కట్టిన ఆ ఇళ్లలో స్నానాల గది ఉంది, నీళ్ల మరుగుదొడ్డి ఉంది, రైతుతో సంబంధం లేకుండా అద్దె కట్టుకుని ఉండే హక్కు ఉంది. బొమ్మల క్యాలెండర్లకు అవి ఎక్కవు.

ఊరి మధ్య పాత కాటేజీల్లో చాలావాటిని నివాసానికి పనికిరావని అధికారులే తేల్చారు. తేమ పట్టిన ఆ గోడల్ని 1950, 60ల్లో పట్నంవాళ్లు చవగ్గా కొని, కుళాయిలు, హీటర్లు పెట్టించుకున్నారు. 1980 హౌసింగ్ చట్టం వచ్చాక కౌన్సిల్ ఇళ్లు కూడా అద్దెకున్నవాళ్లు కొనుక్కోవచ్చు, తర్వాత అమ్ముకోవచ్చు. కొన్నవాళ్లకు అది జీవితంలో మొదటి ఆస్తి. వాళ్ల మనవలకు ఆ ఊళ్లో అద్దెకి ఇల్లు దొరకడం కష్టమైంది. కాగు, పంది, కావడి గుర్తున్నవాళ్ల పిల్లల్లో ఎక్కువమంది ఇప్పుడు దగ్గరి పట్నాల్లో ఉంటున్నారు. ఊరి జ్ఞాపకాలను రికార్డు చేసేవాళ్లు ఆ పట్నాల ఇళ్ల తలుపులు కూడా తట్టాలి.